రగ్బీ క్లబ్బు కొత్త బిల్డింగ్‌లోకి మారిన కథ: కమిటీలో ఉండి చూసినవి

మేం ఉండేది ఇంగ్లండులో, రెడింగ్‌కి కాస్త దూరంలో ఒక చిన్న ఊరు. మా అబ్బాయి ఆడే రగ్బీ క్లబ్బు 2025 ఆగస్టులో ఊరి మధ్యలో ఉన్న పాత గ్రౌండు వదిలేసి, ఊరి చివర తన కోసమే కట్టించుకున్న కొత్త బిల్డింగ్‌లోకి మారింది. ఆ బిల్డింగ్ కమిటీలో మొదటినుంచి చివరిదాకా ఉన్నాను. ఈమధ్య హైదరాబాద్‌లో ఉన్న ఫ్రెండు ఒకడు ఫోన్ చేసి, వాళ్ళ క్రికెట్ క్లబ్బుకి సొంత బిల్డింగ్ కట్టుకుందాం అనుకుంటున్నారని, ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పమని అడిగాడు. గంటన్నర మాట్లాడినా సగం కూడా అవలేదు, మిగతాది ఇక్కడ రాస్తున్నా. వాడికి ముందు చెప్పిన మాటే మీకూ ముందు చెప్తాను: ప్లాను గీయడం బురద అంటిన బూటు దగ్గర మొదలుపెట్టండి. బార్, బాల్కనీ, అద్దాలు అన్నీ దాని తర్వాతే.

నేను గుంటూరు దగ్గర పల్లెటూళ్ళో పెరిగాను. రగ్బీ గురించి నాకు తెలిసింది బంతి కోలగా ఉంటుందని, అంతే. (ఇప్పుడైతే మనవాళ్ళకీ కాస్త తెలుస్తోంది లెండి, 2025 జూన్‌లో ముంబైలో ఆడిన రగ్బీ ప్రీమియర్ లీగ్‌లో హైదరాబాద్ హీరోస్ అని ఒక టీమే ఉంది.) మావాడు ఆరేళ్ళప్పుడు, స్కూల్లో ఎవరో ఫ్రెండు వెళ్తున్నాడు నేనూ వెళ్తానని పట్టుబడితే ఒక ఆదివారం పొద్దున తీసుకెళ్ళాం. అండర్-7, అండర్-8 లో ఒకళ్ళనొకళ్ళు పడేసుకోవడాలు ఉండవు, నడుముకి తగిలించిన రిబ్బను లాగితే చాలు, అసలు ట్యాకిల్ అండర్-9 నుంచి మొదలవుతుంది. ఆ సంగతి కోచ్ చెప్పాకే మా ఆవిడ పేరు రాయించనిచ్చింది. చలిలో వణుకుతూ టీ తాగుతుంటే పక్కన నిలబడ్డ పెద్దాయన "నువ్వేం పని చేస్తుంటావు?" అన్నాడు. ఐటీలో ప్రాజెక్ట్ మేనేజర్‌ని అన్నాను. ఇక్కడి క్లబ్బుల్లో ఆ మాట కలలో కూడా అనకూడదు. నెల తిరక్కుండా బిల్డింగ్ కమిటీలో మినిట్స్, అంటే మీటింగులో ఎవరేమన్నారో, ఏం తేలిందో రాసే పని నా నెత్తిన పడింది, ఆ తర్వాత షెడ్యూలు, ఆ తర్వాత కాంట్రాక్టరుతో మీటింగులు.

క్లబ్బంటే ఒక్క టీము అనుకునేరు. మగవాళ్ళవి మూడు టీములు, ఆడవాళ్ళది ఒకటి, అండర్-7 నుంచి అండర్-18 దాకా పిల్లలవి బోలెడు. కోచ్‌లు, ఫస్ట్ ఎయిడ్ చూసేవాళ్ళు, గీతలు గీసేవాళ్ళు దాదాపు అందరూ జీతం లేని వాలంటీర్లే. మెంబర్‌షిప్ ఫీజులతో ఇన్సూరెన్సు, బంతులు, కరెంటు బిల్లు గడుస్తాయి, మిగతా క్లబ్బునంతా నడిపేది శనివారం సాయంత్రం బార్‌లో అమ్ముడయ్యే బీరు. ఈ లెక్క అర్థమయ్యేదాకా కమిటీలో జరిగే గొడవలు సగం నాకు అర్థం కాలేదు.

పాత బిల్డింగు 1960ల్లో మెంబర్లే కట్టుకున్నది. వాళ్ళలో తాపీపనివాళ్ళున్నారు, ప్లంబర్లున్నారు, శని ఆదివారాలు వచ్చి ఇటుక మీద ఇటుక పేర్చారు. దాని మీద వాళ్ళకున్న ప్రేమ నాకు అర్థమవుతుంది కానీ, రెండే డ్రెస్సింగ్ రూములు, మధ్యలో అందరూ కలిసి దిగే పెద్ద నీళ్ళ తొట్టి, ఆస్‌బెస్టాస్ రేకులు, ఆడవాళ్ళకి బార్ పక్కన ఒకే ఒక్క టాయ్‌లెట్. అమ్మాయిలు మ్యాచ్‌కి వస్తే అమ్మా నాన్నల కార్లలో తువ్వాలు అడ్డం పెట్టుకుని బట్టలు మార్చుకునేవాళ్ళు. జనవరి వస్తే రెండో పిచ్ (రగ్బీలో పిచ్ అంటే మైదానం మొత్తం) చెరువే. చుట్టూ ఇళ్ళు వచ్చేశాయి, పెంచుకోడానికి చోటు లేదు. ఆ ఇళ్ళ మధ్య ఉన్న నేల ధర మాత్రం ఆకాశంలో ఉంది. సో, అమ్మేసి బయటికి పోదాం అన్న ఆలోచన నేను రాకముందు నుంచీ ఉంది.

అయితే ఆటస్థలం అమ్మి ఇళ్ళు కట్టుకోమనడం ఇక్కడ అంత తేలిక కాదు. ఇంగ్లండు ప్లానింగ్ విధానంలో ఒక షరతు ఉంది: ఆటస్థలం మీద కట్టడానికి అనుమతి అడిగితే, ఇక ఆ స్థలం ఎవరికీ అక్కర్లేదని నిరూపించాలి, లేదంటే దానికి సమానమైనదో అంతకన్నా మంచిదో ఇంకోచోట ఇవ్వాలి. విస్తీర్ణంలోనూ, నాణ్యతలోనూ. మా దరఖాస్తు వెళ్ళినప్పుడు కౌన్సిలు స్పోర్ట్ ఇంగ్లండ్ అనే సంస్థ అభిప్రాయం తీసుకుంది, వాళ్ళు అడిగిన మొదటి ప్రశ్నే "గడ్డి ఎప్పటికి సిద్ధం?" అని. బిల్డింగ్ ఎలా ఉంటుందని అడుగుతారేమో అని మేం రంగురంగుల బొమ్మలు పట్టుకుని కూర్చున్నాం.

గడ్డి గురించి ఎవరూ కథలు రాయరు గానీ, మొత్తం ప్రాజెక్టులో ఎక్కువ కాలం తిన్నది అదే. గోడలు డబ్బిస్తే లేస్తాయి, గడ్డి ఎంత డబ్బిచ్చినా దాని టైము అది తీసుకుంటుంది. కొత్త స్థలం పాత వ్యవసాయ భూమి, కింద అంతా బంకమట్టి. ముందు చదును చేశారు, తర్వాత పిచ్ అడ్డంగా కాలవలు తవ్వి, చిల్లుల పైపులు వేసి, పైన కంకర నింపారు. ఆ కాలవలకి అడ్డంగా సన్నటి చీలికలు కోసి ఇసక నింపారు, పైన పడ్డ వాన ఇసకలోంచి కంకరలోకి, కంకరలోంచి పైపులోకి పోవాలన్నమాట. ఆ తర్వాత రాళ్ళు ఏరడం. మెషీను ఏరినన్ని ఏరాక, పిల్లలూ తల్లిదండ్రులూ వరసగా నిలబడి మిగిలినవి బకెట్లలోకి ఏరారు, ఎందుకంటే ఆ నేల మీద మొహం ఆనించి పడేది వాళ్ళే. 2023 సెప్టెంబరులో రై గడ్డి విత్తనం చల్లారు. మొదటి మ్యాచ్ రెండేళ్ళ తర్వాత.

ఆ వేసవిలో నాన్న మా దగ్గరికి వచ్చారు. జీవితమంతా వ్యవసాయం చేసిన మనిషి. ఊరికే ఇంట్లో కూర్చోబెట్టలేక సైటుకి తీసుకెళ్తే, తవ్విన కాలవ అంచున గొంతుక్కూర్చుని మట్టి ముద్ద చేతిలోకి తీసుకుని, బొటనవేలితో నలిపి, వేలి పొడుగున సాగదీసి చూశారు. అది తెగకుండా సాగింది. "ఇది మన రేగడేరా, రంగు మారిందంతే" అన్నారు. తర్వాత పైపులు చూసి, ఖర్చెంతో నా నోటితో చెప్పించి, "మేం ఒక్క తడి కోసం రాత్రిళ్ళు కాలవ గట్టు మీద కాపలా పడుకునేవాళ్ళం. మీరు నీళ్ళు బయటికి తోలడానికి ఇంత తగలేస్తున్నారా!" అని నవ్వారు. మా గ్రౌండ్స్‌మన్‌కి తెలుగు రాదు, నాన్నకి ఇంగ్లీషు అంతంత మాత్రం, అయినా ఇద్దరూ మధ్యాహ్నం దాకా చేతులు చూపించుకుంటూ తిరిగారు. పోతూ పోతూ నాన్న ఈశాన్యం మూల చూపించి, అక్కడ ఇంకో పైపు వేయించరా, నీళ్ళు ఆగుతాయి అన్నారు. లెవెల్ సర్వే చేసిన ఇంజినీరు అక్కడ వాలు సరిపోతుందన్నాడు. పోయిన జనవరిలో ఆ మూలలో కాలు పెడితే చీలమండ దాకా దిగింది.

డబ్బు, కాగితాల సంగతికి వస్తాను. పాత గ్రౌండు పత్రాలు తీస్తే ట్రస్టీలుగా నలుగురి పేర్లున్నాయి, అందులో ఇద్దరు చనిపోయి చాలా ఏళ్ళయింది. చట్టం దృష్టిలో మా క్లబ్బు ఒక కంపెనీ కాదు, సొసైటీ కాదు, కొంతమంది మనుషుల గుంపు. అలాంటి గుంపు తన పేరు మీద భూమి పెట్టుకోలేదు, కాంట్రాక్టు మీద సంతకం పెట్టేవాళ్ళు సొంత ఆస్తి అడ్డం పెట్టినట్టే. ఎవరు పెడతారు? అందుకని ముందు క్లబ్బుని గ్యారంటీ కంపెనీగా (షేర్లు ఉండవు, మెంబర్ల బాధ్యత ఒక చిన్న మొత్తం దాటదు) మార్చుకుని, ఆస్తులన్నీ దానిలోకి బదిలీ చేసుకోవాల్సి వచ్చింది. విసుగు పుట్టించే పనే, కానీ మీరు ఇలాంటిది తలపెడితే ఆర్కిటెక్టుని పిలవకముందే ఇది కానిచ్చేయండి.

2022 నవంబరులో అమ్మకానికీ కట్టడానికీ ఓటింగ్ పెట్టాం. ఆ నెలలో పెట్టడం మా ఖర్మ. అంతకు ముందు రెండు నెలల్లోనే ఇంగ్లండులో రెండు పెద్ద ప్రొఫెషనల్ క్లబ్బులు, వూస్టర్, వాస్ప్స్, అప్పుల్లో మునిగి చేతులెత్తేశాయి. అందులో వాస్ప్స్ కథ అచ్చం ఇల్లు మారిన కథే: 2014 డిసెంబరులో కవెంట్రీకి మకాం మార్చి, అక్కడి పెద్ద స్టేడియం కొనుక్కుని, 2015లో బాండ్లు అమ్మి 3.5 కోట్ల పౌండ్లు తెచ్చారు, 2022లో అవి తిరిగి కట్టాల్సిన రోజు వచ్చేసరికి డబ్బు లేదు. మీటింగులో వెనక వరసలోంచి ఒకాయన లేచి "మనమూ వాస్ప్స్ అవుదామా?" అన్నాడు. హాలంతా గుసగుసలు. మా ట్రెజరరు, రిటైరైన అకౌంటెంటు, చాలా నిదానంగా ఒక్కటే చెప్పాడు: వాళ్ళు స్టేడియం కొనడానికి అప్పు చేశారు, మనం ఉన్న భూమి అమ్మి వచ్చినదాంట్లోనే కడతాం, దాటితే పై అంతస్తు మానేస్తాం. ఆ వాక్యం తీర్మానంలో రాయించారు కూడా. ఓటింగ్ నెగ్గింది. తర్వాత 2023 జూన్‌లో లండన్ ఐరిష్ కూడా లీగ్ నుంచి సస్పెండ్ అయినప్పుడు మళ్ళీ ఫోన్లు మొదలయ్యాయి, ఎందుకంటే వాళ్ళూ 2014లో పాత గ్రౌండుని ఇళ్ళకి ఇచ్చేసి కొత్త చోటికి మారినవాళ్ళే. అవన్నీ ఆటగాళ్ళకి లక్షల్లో జీతాలిచ్చే క్లబ్బులు, మా దగ్గర కెప్టెన్ కూడా ఫీజు కట్టి ఆడతాడు అని చెప్పీ చెప్పీ నోరు నొప్పి పుట్టింది.

అదే మీటింగు అయ్యాక బార్‌లో ఒక పెద్దాయన నా దగ్గరికొచ్చి "మీ దేశంలో ఒక క్లబ్బు ఇంతకన్నా మంచి పని చేసింది తెలుసా?" అన్నాడు. 1870ల్లో కలకత్తాలో ఇంగ్లీషువాళ్ళు ఒక రగ్బీ క్లబ్బు పెట్టుకున్నారట, మెంబర్లు తగ్గిపోయి మూసేసే రోజు వచ్చాక, బ్యాంకులో ఉన్న డబ్బంతా వెండి రూపాయల్లో తీసుకుని, కరిగించి ఒక కప్పు చేయించి ఇంగ్లండుకి పంపారు. ఇంగ్లండు, స్కాట్లండు 1879 నుంచి ఇప్పటిదాకా దానికోసమే కొట్టుకుంటున్నాయి. కలకత్తా కప్ అంటారు, పిడులు నాగుపాములు, మూత మీద ఏనుగు. మన రూపాయలు కరిగి వాళ్ళ షోకేసులో చేరాయన్నమాట, ఈ కథ ఎక్కడో విన్నట్టే ఉంది అన్నాను. ఆయన పగలబడి నవ్వి నాకు ఒక పింట్ బీరు కొనిపెట్టాడు.

డబ్బు విషయంలో ఇంకో దెబ్బ వ్యాట్. కట్టడం మీద 20 శాతం. ధార్మిక సంస్థలు కొన్ని షరతుల మీద కొత్త బిల్డింగ్‌కి వ్యాట్ లేకుండా కట్టించుకోవచ్చు. మా క్లబ్బు రిజిస్టరైంది ధార్మిక సంస్థగా కాదు, కమ్యూనిటీ అమెచ్యూర్ స్పోర్ట్స్ క్లబ్ అనే వేరే పథకంలో. రెండూ ఒకటే కదా, మనకూ మినహాయింపు వస్తుంది కదా అని ఈన్షమ్ క్రికెట్ క్లబ్బు కోర్టుకెళ్ళింది, 2021లో అప్పీలు కోర్టు కుదరదని తేల్చేసింది. ఆ తీర్పు చదివిన రోజు ట్రెజరరు మొహం చూడాలి. బార్ లాంటి వ్యాపారపు వాటా మీద కొంత వెనక్కి రాబట్టుకున్నాం గానీ, మిగిలినదానికి ప్లానులోంచి జిమ్ ఎగిరిపోయింది.

ఇప్పుడు బూటు సంగతి. ఆర్కిటెక్టు మొదట తెచ్చిన బొమ్మ చాలా అందంగా ఉంది. కార్ పార్కు వైపు ఎత్తైన అద్దాల ద్వారం, లోపల రిసెప్షన్, మెట్లు, పక్కనే కారిడార్‌లోకి తెరుచుకునే డ్రెస్సింగ్ రూములు. మా గ్రౌండ్స్‌మన్ దాన్ని కాసేపు చూసి, బయటికెళ్ళి, డిసెంబరు వానలో ఆడొచ్చిన మూడో టీము కుర్రాడి బూటు ఒకటి పట్టుకొచ్చి ఆ కాగితం మీద పెట్టాడు. అడుగున అల్యూమినియం మేకులు, వాటి మధ్య అరచేతి మందాన గడ్డీ బంకమట్టీ కలిసిన దిమ్మ. నీళ్ళు కారి డ్రాయింగు మీద ద్వారం దగ్గర మరక పడింది. "ఇలాంటివి శనివారానికి నూటయాభై, ఆదివారానికి నాలుగొందలు. నీ రిసెప్షన్‌లోంచి నడుచుకుంటూ వెళ్తాయి" అన్నాడు. ఆర్కిటెక్టు మంచివాడు, ఏమనుకోలేదు, ఆ మరక పడ్డ కాగితమే తీసుకెళ్ళాడు.

రెండోసారి వచ్చిన ప్లానులో బిల్డింగు రెండు ముక్కలైంది. పిచ్ వైపు మురికి సగం, కార్ పార్కు వైపు శుభ్రమైన సగం. ప్రతి డ్రెస్సింగ్ రూముకీ తలుపు నేరుగా బయటికి, గ్రౌండు వైపుకి. బయట గోడకి పొడుగునా బ్రష్షులు, కొళాయిలు, కింద జాలీ. ఆడి వచ్చినవాడు అక్కడ బూట్లు కడిగి లోపలికెళ్ళి, స్నానం చేసి, చెప్పులతో రెండో తలుపులోంచి శుభ్రమైన కారిడార్‌లోకి వస్తాడు. లోపల నేలకి జారని వినైల్ షీటు, అదే షీటు గోడ మీదికి జానెడు ఎత్తున మడిచి అతికారు, పైపు పెట్టి కడిగేయడానికి వీలుగా. జాలీ కింద బురద ఆగడానికి ఒక గుంట కట్టారు, అది లేకపోతే బంకమట్టంతా పోయి డ్రైనేజీలో గట్టిపడుతుంది. ఉన్నా కూడా మొదటి నెలలోనే నిండిపోయి పొంగింది, ఇప్పుడు ప్రతి సోమవారం ఒకళ్ళు మూత తీసి పారతో ఎత్తాలి. ఆ డ్యూటీ చార్టు నేనే వేస్తాను, అందరికీ నామీద కోపం.

వేడినీళ్ళ దగ్గర నా ఉద్యోగం కాస్త పనికొచ్చింది. గ్యాస్ బాయిలర్ వద్దని, హీట్ పంపు (బయట ఉన్న వేడిని కరెంటుతో లాగి నీళ్ళు కాచే మెషీను) పెట్టమని ప్లానింగ్‌లో తేలింది. ఇంజినీరు రోజువారీ సగటు వాడకం చూసి ట్యాంకు సైజు చెప్పాడు. సగటు ఏంటండీ, శనివారం మ్యాచ్‌లన్నీ ఒకే టైముకి మొదలై ఒకే టైముకి అయిపోతాయి, ఎనభై మందికి పైగా ఇరవై నిమిషాల్లో స్నానాలు చేస్తారు, మళ్ళీ మంగళవారం ప్రాక్టీసు దాకా ఒక్కడు కూడా కొళాయి తిప్పడు. సర్వర్లకి పీక్ లోడ్ లెక్కలు కట్టీ కట్టీ ఉన్నాను కాబట్టి ఈ ఒక్క మీటింగులో నాకు నోరు లేచింది. హీట్ పంపు అప్పటికప్పుడు అంత వేడి ఇవ్వలేదు, ముందే కాచి దాచుకోవాలి. చివరికి పెద్ద ట్యాంకులు పెట్టి శుక్రవారం రాత్రి నుంచి కాచడం మొదలుపెడుతున్నాం. ఇంకో తలనొప్పి, నిలవ నీళ్ళలో లెజియొనెల్లా అనే బ్యాక్టీరియా పెరుగుతుంది, అందుకని ట్యాంకులో నీళ్ళు 60 డిగ్రీల పైన ఉంచాలి, వాడని షవర్లు వారానికోసారైనా తిప్పి వదలాలి, రిజిస్టర్‌లో రాయాలి. జూన్, జూలైల్లో ఆటలు లేనప్పుడు ఎవరో ఒకళ్ళు వెళ్ళి ఖాళీ బిల్డింగులో షవర్లన్నీ తిప్పి కూర్చోవాలన్నమాట.

బార్ మీద జరిగినంత వాదన ఇంక దేనిమీదా జరగలేదు, నా మినిట్స్‌లో సగం అదే. పైన పెడితే మ్యాచ్ చూస్తూ తాగొచ్చు, కింద పెడితే బీరు డ్రమ్ములు మోయడం తేలిక. నిండు డ్రమ్ము అరవై కిలోలు దాటుతుంది. చివరికి బార్ పైన, బీరు గది కింద, మధ్యలో చల్లటి నీళ్ళతో చుట్టిన పైపుల కట్ట. ఎవరికీ పూర్తిగా నచ్చలేదు, అందరూ వాడుతున్నారు.

నాకు అన్నిటికన్నా నచ్చిన నిర్ణయం మీద మాత్రం పెద్ద చర్చే లేదు, మూడు నిమిషాల్లో అయిపోయింది. ఎనిమిది డ్రెస్సింగ్ రూముల్లో దేనికీ మగ, ఆడ అని బోర్డు లేదు, అన్నిటిలోనూ షవర్లు విడివిడిగా, తలుపులతో. ఏ రోజు ఎవరు ఆడితే వాళ్ళకి ఇచ్చేయొచ్చు. పిల్లలూ పెద్దవాళ్ళూ ఒకే గదిలో బట్టలు మార్చుకోకూడదన్న రూలు కూడా దీంతో ఇబ్బంది లేకుండా తీరింది. ఇక్కడ అండర్-11 దాకా అబ్బాయిలూ అమ్మాయిలూ కలిసి ఆడొచ్చు, అండర్-12 నుంచి అమ్మాయిలకి వేరే టీములు. పాత గ్రౌండులో సరిగ్గా ఆ వయసులోనే అమ్మాయిలు మానేసేవాళ్ళు. ఎందుకు మానరు, కారులో బట్టలు మార్చుకోమంటే! మేం మారిన నెలలోనే ఇంగ్లండులో మహిళల ప్రపంచ కప్ మొదలైంది. సెప్టెంబరు 27న లండన్‌లోని ట్వికెనమ్ స్టేడియంలో ఫైనల్, 81,885 మంది జనం, కెనడా మీద ఇంగ్లండు 33-13తో గెలిచింది. మర్నాడు ఆదివారం మా గేటు దగ్గర బారులు తీరిన కార్లలోంచి దిగినవాళ్ళలో సగం మంది అమ్మాయిలు. వాళ్ళకి చూపించడానికి గది ఉంది. మా పక్కింటి మలయాళీ వాళ్ళ పాప కూడా ఇప్పుడు అండర్-12లో ఆడుతోంది, మావాడికన్నా గట్టిగా పట్టేస్తుంది.

సామాను మార్చే రోజు ఎవరూ ఊహించని సమస్య వచ్చింది. పాత క్లబ్బులో గోడల నిండా బోర్డులు. ఏ ఏడు ఎవరు కెప్టెనో, ఎవరు ప్రెసిడెంటో బంగారు రంగు అక్షరాలతో చెక్క మీద రాయించిన ఆరడుగుల బోర్డులు, యుద్ధాల్లో చనిపోయిన మెంబర్ల పేర్ల ఇత్తడి పలక, ఫ్రేము కట్టిన జెర్సీలు. వ్యాన్లో తెచ్చి దించాక చూస్తే, పై హాలంతా అద్దాలే, గోడేది? పిచ్ వైపు అద్దం, బాల్కనీ వైపు అద్దం, మిగిలిన గోడకి బార్. డెబ్భై ఏళ్ళ మాజీ కెప్టెను తన పేరున్న బోర్డు మీద చెయ్యేసుకుని "నన్ను టాయ్‌లెట్ పక్కన పెడతారా ఏంటి?" అని అడిగాడు. నవ్వుతూనే అన్నాడు గానీ నవ్వు కళ్ళదాకా రాలేదు. చివరికి మెట్ల పక్క గోడ దొరికింది, కింద నుంచి పైదాకా ఏళ్ళ వరసలో బిగించాం. యుద్ధం పలక మాత్రం ద్వారం ఎదురుగా, ఒంటరిగా. మీ బిల్డింగ్‌కి అద్దాలు పెట్టే ముందు తగిలించాల్సినవన్నీ టేపు పెట్టి కొలుచుకోండి, చెప్తున్నా.

సెప్టెంబరు మొదటి శనివారం మొదటి మ్యాచ్. మ్యాచ్ అయ్యాక ఎదుటి టీముకి భోజనం పెట్టి పంపడం రగ్బీలో మర్యాద, మామూలుగా సాసేజ్‌లు, చిప్స్ ఉంటాయి. ఆ రోజు ప్రత్యేకంగా ఉండాలని చికెన్ కూర వండగలరా అని ఛైర్మన్ మా ఆవిణ్ణి అడిగాడు. "నూటఇరవై మందికా, చేద్దాం లెండి" అంది తను, మా ఊళ్ళో ఉన్న మరో రెండు తెలుగు కుటుంబాల వాళ్ళూ వచ్చారు. కొత్త స్టీలు కిచెను, పైన పెద్ద చిమ్నీ, అంతా బ్రహ్మాండంగా ఉంది. కూర అయింది, అన్నం అయింది, శాకాహారులకి పప్పు. ఆ పప్పుకి గుప్పెడు ఎండుమిరపకాయలతో, ఇంగువతో పోపు పడింది. చిమ్నీ చాలావరకు లాగేసింది గానీ, వడ్డించే కిటికీ షట్టరు తెరిచి ఉంది, దానికి సరిగ్గా నాలుగడుగుల అవతల హాలు సీలింగుకి పొగ కనిపెట్టే డిటెక్టరు బిగించారు. ముందు బార్‌లో ఉన్న మొదటి వరస దగ్గింది, తర్వాత సైరను. కొత్త సిస్టమ్ కదా, బిల్డింగంతా ఖాళీ చేయాల్సిందే. ఎదుటి క్లబ్బు రెండో టీము స్నానాల మధ్యలో ఉన్నారు, పదిహేను మంది తువ్వాళ్ళు చుట్టుకుని, తల మీద నురగతో గ్రౌండులో నిలబడ్డారు. అందులో ఒకడు "లోపల ఏం వండుతున్నారో గానీ వాసన మాత్రం అదిరింది" అన్నాడు. పావుగంటకి లోపలికి రానిచ్చారు. గిన్నెలు ఖాళీ చేసి పెట్టారు.

బిల్డింగు నడపడం గురించి కూడా రెండు మాటలు. మెంబర్లకీ వాళ్ళ అతిథులకీ మాత్రమే బీరు పొయ్యాలంటే చిన్న సర్టిఫికెట్ చాలు, హాలు బయటివాళ్ళ పెళ్ళిళ్ళకి, బర్త్‌డేలకి ఇవ్వాలంటే పూర్తి లైసెన్సు కావాలి, అది తీసుకున్నాం. మళ్ళీ అక్కడో మెలిక. ఇందాక చెప్పిన అమెచ్యూర్ క్లబ్ రిజిస్ట్రేషన్ వల్ల స్థానిక పన్నులో 80 శాతం రాయితీ వస్తుంది, ఆ రిజిస్ట్రేషన్ నిలబడాలంటే మెంబర్లు కానివాళ్ళ మీద వ్యాపారంతో, అద్దెలతో వచ్చేది ఏడాదికి లక్ష పౌండ్లు దాటకూడదు, మెంబర్లలో కనీసం సగం మంది ఆటలో పాలుపంచుకోవాలి. అందుకని హాలుని మరీ ఫంక్షన్ హాలు చేసేయలేం. వారం మధ్యలో పొద్దున యోగా, మంగళవారం చిన్నపిల్లల తల్లుల గ్రూపు, గురువారం ముసలివాళ్ళ మధ్యాహ్న భోజనం. మా తెలుగువాళ్ళు ఉగాదికి అడిగారు, ఇచ్చాం. పాత గ్రౌండుకి తాళం తీసే మనిషి వారానికి మూడు రోజులు వస్తే సరిపోయేది, ఇప్పుడు రోజూ కావాలి, జీతానికి ఒక మేనేజర్ని పెట్టుకున్నాం. ఆ జీతం మా మొదటి లెక్కల్లో లేదని ఛైర్మన్, ఉందని ట్రెజరరు. మినిట్స్ తీసి చూపించాను, ఉంది. 14వ పేజీలో.

ప్రస్తుతం నడుస్తున్నది లోపాల జాబితా. కాంట్రాక్టులో బిల్లు మీద 3 శాతం పట్టి ఉంచాం, బిల్డింగు అప్పగించిన రోజు అందులో సగం ఇచ్చేశాం, మిగతా సగం ఏడాది తిరిగాక, లోపాలన్నీ సరిచేస్తేనే. డిటెక్టరు పక్కకి జరిపారు. రెండు తలుపులు ఇంకా వాటంతట అవి మూసుకోవు. నాలుగో డ్రెస్సింగ్ రూములో చేతులు ఆరబెట్టే మెషీనూ, కిచెన్లో ఓవెనూ ఒకేసారి వేస్తే కరెంటు పోతుంది, రెండింటికీ సంబంధం ఏంటో కాంట్రాక్టరుకీ అంతు పట్టలేదు. ఈశాన్యం మూల మీద ఇంజినీరుతో వాదన ఇంకా తెగలేదు, వాలు సరిగ్గానే ఉందని ఆయన కాగితం చూపిస్తాడు, మా గ్రౌండ్స్‌మన్ ఫోన్లో ఫోటోలు చూపిస్తాడు. అది తేలేదాకా మిగతా చెక్కు మీద సంతకం పెట్టనని ట్రెజరరు పెన్ను జేబులోనే పెట్టుకుని తిరుగుతున్నాడు.